గంజి పెట్టిన దూలం

కోస్గి,
6 ఫిబ్రవరి 2023

రోజారమణికి మేనమామ బిక్షం రాస్తున్నడు. నేను, మీ అత్తమ్మ బతికే ఉన్నం. నువ్వు అడగలేదు కాబట్టి నేనే చెప్తున్న.

మొన్న వచ్చి ఒక్క పూట ఉండి పోయినవు. నువ్వు పోయినంక మీ అత్తమ్మ నువ్వు కప్పుకున్న దుప్పటిని రెండుసార్లు ఉతికింది. ఇంకా వాసన పోలేదు. ఆడపిల్లలు గోళ్ళకు పూసుకునే రంగును కాగులో పోసి కాచినట్టున్నది. నూలు వాసన వచ్చే ఇంట్లో పుట్టి, కల్వకుర్తి పోయి ఏదో షెడ్డులో ఆ కంపు పూసుకుని బతుకుతున్నవు. పక్కన కూర్చుంటే నాకు అన్నం సహించలేదు. నీ ముఖం మీద అనొద్దని మీ అత్తమ్మ సైగ చేస్తే ఊకున్న. కాగితం మీద అనొద్దని ఆమె చెప్పలేదు.

ఇక్కడి సంగతి. మగ్గం అర్ర దూలం పాడైంది. కట్టెపని మెహమూద్ వచ్చి తట్టి చూసి డొల్ల మోత వస్తుందన్నడు. నాకు వినబడలేదు కాబట్టి నేను నమ్మలేదు. అప్పుడు గడ్డపార మొనతో పొడిచి చూపించిండు. పిండిలోకి దిగినట్టు దిగింది. లోపల అంతా చెద. అది అమ్రాబాద్ అడవి టేకు, మా నాయిన తెచ్చిండు. ఎత్తిననాడు సాలెవాడ మొత్తం భుజం పెట్టింది, మెహమూద్ నాయిన సుద్దా. యాటను కోసి అందరికి పెట్టినం. ఆ అడవిలో ఇప్పుడు పులి తప్ప ఎవరూ కట్టె ముట్టొద్దట.

దూలం కింద మెహమూద్ ఒక గుంజ నిలబెట్టిండు. సరిగ్గా నా కుడి మోకాలికి తగిలేటట్టు నిలబెట్టిండు. రేకులు వేసుకో అని హైదరాబాద్ నుంచి నా కొడుకు సాయి సలహా చెప్పిండు. రేకుల కింద ఎండకాలం పడుగు పోగులు పటపట తెగుతయని కారు నడిపేటోనికి ఏం తెలుసు.

రెండో మగ్గం నువ్వు విడిచిన కాడి నుంచి ఖాళీగనే ఉన్నది. ఎందుకు విడిచినవో నాకు తెలుసు. ఎడమచేతి వాటం మనిషికి మగ్గం అబ్బదు. నాడెను అటు ఇటు ఉరికించే తాడు కుడి దిక్కు ఉంటది, కుడిచేతితోనే గుంజాలె. మా తాత గట్లనే గుంజిండు. నీ ఒక్కదాని కోసం ఎడమకు కడతమా. తెగిన పోగు అతికినా అందరి ముడి ఒక దిక్కు పడితే నీ ముడి ఇంకో దిక్కు పడుతుండె. కండ్లు మూసుకుని వేలు పెట్టినా ఇది రోజా ముడి అని తెలిసేది. ఎన్నిసార్లు విప్పించినా మళ్ళ గంతే.

వానలు పడేలోపు దూలం మార్చాలె. లేకపోతే పెంకులన్నీ పడుగు మీద కూలుతయి, మగ్గం పోతది, నా పని పోతది. అది నా ఫికర్. నీకు ఊకె చెప్తున్న.

రాస్తే ఉత్తరం రాయి. ఫోన్‌లో నీ మాట నాకు డబ్బాలో పడ్డ జోరీగ మోత లెక్క ఉంటది.

నీ మామ
బిక్షం


కల్వకుర్తి,
14 ఫిబ్రవరి 2023

మామకూ అత్తమ్మకూ దండాలు.

ఈసారి వచ్చినప్పుడు నా దుప్పటి నేనే తెచ్చుకుంటాను.

నా పని ఏమిటో నువ్వు ఒక్కసారీ అడగలేదు, ఇప్పుడు చెప్తాను విను. శ్రీశైలం రోడ్డు మీద మా షెడ్డు. ఇక్కడ ఇండ్లకు దూలాలు, స్తంభాలు చేస్తాం. కట్టె కాదు, ఇనుము కాదు, సిమెంటు కాదు. గాజు నుంచి తీసిన నార ఉంటుంది, మన పట్టు పోగు కంటే సన్నం. దాన్ని గంజిలో ముంచి, ఒక అచ్చు చుట్టూ ఐమూలగా ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు చుడతారు. చుట్టేది మిషను. గంజి చూసుకునేది నేనూ, నా తోటి పనిమనిషి లాడ్లీ బేగం. ఎక్కువైతే కారుతుంది, తక్కువైతే పోగులు విడిపోతాయి. పడుగుకు గంజి పెట్టిన చేతులు కావాలని మమ్మల్ని ఏరి తీసుకున్నారు. చుట్టినదాన్ని పెద్ద పొయ్యిలో కాల్చి లోపలి అచ్చు తీసేస్తే, అల్లిక మాత్రం నిలబడుతుంది. లోపల అంతా గాలి. పదిమంది మోసే టేకు దూలం ఎంత బరువు ఆపుతుందో అదీ అంత ఆపుతుంది. కానీ దాన్ని ఇద్దరు ఎత్తొచ్చు.

నీ అర్ర సంగతి మా శ్రీవాణి మేడంకు చెప్పాను. నీ గురించి, గుంజ గురించి, మోకాలి గురించి అంతా విన్నది. విని, మీ మామకు జాలితో ఒక దూలం చేసిద్దాం అన్నది. సరేనంటే చిన్న సైజు కాబట్టి ఉగాది లోపే మిషన్ మీద పెడతారు.

తాడు మాట నువ్వే ఎత్తావు. నేను ఒక్కసారి ఎడమకు కట్టి చూడమని అడిగాను. అంతే అడిగాను. అంతకంటే ఏం రాయను.

మోకాలికి నువ్వుల నూనె రాయమని అత్తమ్మకు చెప్పు.

రోజా


కోస్గి,
27 ఫిబ్రవరి 2023

రోజాకు,

కోపం మీద రాస్తున్న, అక్షరాలు తప్పితే నువ్వే సరిచేసుకో.

జాలితోనా దూలం ఇచ్చేది. మీ మేడం ఎవరు నా మీద జాలి పడనీకె. ఆమె నా గడప తొక్కలేదు, ఆమె ముఖం నేను చూడలేదు. నా మోకాలి గురించి పోయి ఊరి మీద చెప్పమని నీకెవరు చెప్పిండ్రు. నూలు దొరకక మగ్గం ఆగిన ఏడు గంజి తాగి పడుకున్నం గాని ఎవరి ముందల నిలబడలేదు. మీ అమ్మ బీరమ్మ, నా చెల్లె, అది కూడ తాగింది అదే గంజి. దాని బిడ్డవు నువ్వు, నా పేరు చెప్పి జాలి అడుక్కొచ్చినవు. చదువుతుంటే ఒళ్ళంతా కంపరం పుట్టింది.

ఇగ దూలం ముచ్చట. దారానికి గంజి పెట్టి దూలం చేస్తరా. యాభై ఏండ్ల నుంచి గంజి పెడుతున్న, దాని సంగతి నాకు చెప్పకు. జొన్న గంజైనా బియ్యం గంజైనా నాలుగు చినుకులు పడితే మెత్తబడతది, పాసిపోతది, పురుగు పడతది. గంజి ఉన్నకాడికి ఎలుక రాకుండ ఉండదు. పడుగును కొరికితే మళ్ళ పోసుకుంటం. దూలాన్ని కొరికితే పెంకులన్నీ మీ అత్తమ్మ నెత్తి మీద పడతయి. అన్నం వార్చిన నీళ్ళతో ఇండ్లు కట్టే కాలం వచ్చింది. దానికి ఒక షెడ్డు, ఒక మేడం.

నీ ఉత్తరం మెహమూద్‌కు చదివి వినిపించిన. విని అన్నడు, "దూలం చేసుడెందుకు బిక్షం, గింత ఉప్పేసుకుని తాగేది ఉండె."

వాని మాటకు నవ్విన. నీ మీద కోపం మాత్రం పోలేదు.

నువ్వుల నూనె ఇంట్లో ఉన్నది. నువ్వు చెప్పాల్సిన పని లేదు.

బిక్షం


కల్వకుర్తి,
9 మార్చి 2023

మామా,

నీ ఉత్తరం అందింది. ముందు తిట్లు చదివి ఏడ్చాను, తర్వాత అర్థమై నవ్వాను.

జాలి అంటే దయ కాదు. కిటికీకి కొట్టే జాలి. రంధ్రాల జాలి. మా దూలం అల్లిక అట్లా ఉంటుంది కాబట్టి ఇక్కడ అందరం దాన్ని జాలి దూలం అంటాం. మేడం 'జాలితో చేసిద్దాం' అంటే ఆ అల్లికతో చేసిద్దాం అని. ఆమెకు నీ మీద జాలి ఏమీ లేదు. నిజం చెప్పాలంటే, నీ ఉత్తరం చదివి వినిపించినప్పటి నుంచి కొంచెం భయం ఉంది.

ఎలుకల మాటకు లాడ్లీ బేగం కూడా కడుపుబ్బ నవ్వింది. మీ మామ చమత్కారి అన్నది.

దీనితో పాటు ఒక ముక్క పార్సిల్‌లో పంపుతున్నాను. మూరెడు ఉంటుంది. చూడు, తొక్కు, నీ ఇష్టం వచ్చినట్టు చెయ్యి. చూసి సరేనని ఒక్క ముక్క రాయి, చాలు. ఆలస్యమైతే మిషను వేరే పనికి పోతుంది.

ఒక మాట దాచకుండా చెప్తాను. మంటకు ఇది టేకు కంటే తొందరగా లొంగుతుంది. అర్రలో పొయ్యి పెట్టవద్దు. ఎండ తగిలేచోట రంగు వెయ్యాలి. మిగిలిన దేనికీ భయం లేదు.

రోజా


కోస్గి,
2 ఏప్రిల్ 2023

రోజాకు,

ముక్క అందింది. పోస్టుమాన్ కవరు ఊపి చూసి, లోపల ఏం లేదు తాతా, ఎవరో ఉత్త కవరు పంపిండ్రు అన్నడు. అది నీ దూలం.

విప్పి చూస్తే అసహ్యం వేసింది. ఏం రంగు అది. చీమిడి గడ్డకట్టినట్టున్నది. అన్నీ బొక్కలే. జాలి అంటే జాలి కాదు, కోళ్ళగూటికి కొట్టే జాలి అని చెప్పి నా మనసు తేలిక చేద్దామనుకున్నవు. అంటే దయ తలచి ఇస్తలేరు, కోడి అనుకుని ఇస్తున్నరు.

నేను చమత్కారిని కాదు. ఆ లాడ్లీ బేగం ఎవరో నా ఉత్తరానికి నవ్వే పని పెట్టుకోవద్దని చెప్పు. గంజి మాట నేను నిజంగనే అడిగిన. నువ్వు జవాబు చెప్పలేదు కాబట్టి నేనే పరీక్ష పెట్టిన. గోలెంలో నీళ్ళల్ల వేసి పైన రాయి పెట్టిన. తీసి చూస్తే మెత్తబడలేదు, నీళ్ళు తెల్లగ కాలేదు. గంజి అయితే నీళ్ళు తెల్లబడాలె. అంటే అబద్ధపు గంజి. తర్వాత ఎలుక బొక్క ముందల పెట్టిన. తెల్లారి చూస్తే దాని పక్కనున్న సబ్బు సగం లేదు. నీ ముక్క ఉన్నకాడ ఉన్నది. సబ్బు తినే జాతి కూడ ముట్టని వస్తువును నువ్వు నా నెత్తి మీద పెడతనంటున్నవు.

ఎక్కి నిలబడిన. మెహమూద్ ఎక్కి నిలబడ్డడు. విరగలేదు. విరగకపోతే మంచిదైతదా. కట్టెకు చెద పడతది, ఇనుముకు తుప్పు పడతది, మనిషికి మోకాలు పోతది. దీనికి ఏ రోగం రాదట. రోగం రాని వస్తువును ఇంట్లో పెట్టుకుంటే నాకే ఎట్లనో ఉంటది.

ఇంకొకటి. దూలం అన్నంక బరువుండాలె. ఇద్దరు ఎత్తే దూలానికి ఎవరిని పిలుస్తం. ఎవరికి అన్నం పెడతం.

నాకు దూలం ఉన్నది. కొడంగల్‌లో పాత ఇల్లు విప్పుతుంటే పోయి టేకు దూలం తెచ్చిన. వాకిట్లోనే ఉన్నది, అసలు టేకు. మంచి దినం చూసి ఎత్తుతం. నీ జాలి నీ దగ్గరనే పెట్టుకో, అది ఏ జాలైనా సరే.

బిక్షం


కల్వకుర్తి,
15 ఏప్రిల్ 2023

మామా,

టేకు దూలం దొరికిందని ముందే చెప్తే ఇంత రాతకోతలు లేకపోయేవి. సంతోషం. మేడంకు వద్దని చెప్పేశాను. ఆ మిషన్ మీద ఇప్పుడు ఒక బడి వాళ్ళ స్తంభాలు ఎక్కాయి, వానాకాలం దాకా ఖాళీ లేదు.

గంజి గురించి. నువ్వు నిజంగా అన్నం గంజి అనుకున్నావని నాకు నీ పోయిన ఉత్తరం దాకా తట్టలేదు. దాని అసలు పేరు రెజిన్. జిగురు లాంటి మందు. ఇక్కడ పని చేసేవాళ్ళలో సగం మంది సాలెవాళ్ళమే కాబట్టి మొదటి రోజు నుంచే దాన్ని గంజి అన్నాం. ఇప్పుడు మేడం కూడా గంజి అంటుంది. నీకు రాసేటప్పుడు ఆ మాటే వచ్చింది. మన మాటే కదా అనుకున్నాను. దుప్పటికి అంటిన వాసన కూడా దానిదే.

బొక్కలంటున్నావు. అవి తప్పులు కావు. బరువు పోగుల మీదుగా నడిచి గోడకు దిగుతుంది, మిగిలినచోట ఏమీ అవసరం లేదు కాబట్టి ఏమీ పెట్టలేదు. ఇంతకంటే చెప్పడం నాకు రాదు. నీకు కోళ్ళగూడే కనబడితే నేనేం చెయ్యను.

దినం ఎప్పుడు పెట్టుకున్నావో రాయి. నేనూ మా ఆయన కృష్ణయ్యా వస్తాం. ఆయనకు భుజం గట్టిది.

రోజా


కోస్గి,
21 మే 2023

రోజాకు,

మొన్న గాలివాన వచ్చింది. నాలుగు వరసల పెంకులు జారినయి. గుంజ పక్కకు ఒరిగింది. మెహమూద్ ఇంకో గుంజ పెట్టిండు. ఇప్పుడు రెండు మోకాళ్ళకు రెండు గుంజలు. పడుగు మీద ప్లాస్టిక్ తాడిపత్రి కప్పి దాని కింద దూరి నేస్తున్న. చీర సగంలో ఉన్నది. తాడిపత్రి కింద మీ షెడ్డు వాసన లాంటిదే వస్తది. లోకమంతా అదే వాసన అయింది.

మన వాడ మూలన కొత్తగ మూడంతస్తుల ఇల్లు లేపిండ్రు. గోడలకు రాయి బొమ్మ ఉన్న కాగితం అతికించిండ్రు. దగ్గరికి పోయి గోకి చూసిన. వాళ్ళు బయటికొచ్చి ఏం కావాలన్నరు. రాయి కావాలన్న. బజార్లో మన చీరల అంచును మిషన్ మీద అచ్చు గుద్ది అమ్ముతున్నరు. కట్టుకుంటే ఒంటికి అంటుకుంటదట. రాయి రాయి కాదు, చీర చీర కాదు, గంజి గంజి కాదు. ఏది ముట్టుకున్నా చెయ్యి కడుక్కోబుద్ధి అయితున్నది.

దినం అడిగినవు. మంచి దినాలు లేవు. వచ్చినప్పుడు చెప్త. నువ్వు, మీ ఆయన పని పోగొట్టుకుని రావాల్సిన అవసరం లేదు. ఇక్కడ మస్తు మంది ఉన్నరు.

మీ అత్తమ్మ ఈ మధ్య నా చెవు మందమని చూసి, నా ముందలనే ఎవరితోనో ఫోన్‌లో గంటలు గంటలు మాట్లాడుతున్నది. నీతో కాదు గద.

బిక్షం


కల్వకుర్తి,
29 మే 2023

మామా,

నాతోనే.

నీ మాట నమ్మి నేను చేతులు కట్టుకుని కూర్చున్నాను. ఆ టేకు దూలం నిరుటి వానల నుంచి వాకిట్లో పడి ఉందట. దాని మీద అత్తమ్మ మిరపకాయలు ఎండబోసుకుంటుందట. చలికాలంలో వచ్చినప్పుడు నేనూ చూశాను, కూర్చునే మొద్దు అనుకున్నాను. మూఢమూ కాదు, దినమూ కాదు. సాలెవాడలో మిగిలినవాళ్ళంతా నీ ఈడువాళ్ళే, చేతికర్ర లేనిది లేవలేరు. సాయి వస్తానని రెండుసార్లు రాలేదు. క్రేన్ ఆ సందులో పట్టదు.

అత్తమ్మ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. "మీ మామ దినం కోసం చూస్తలేడు బిడ్డా, మోసెటోళ్ళ కోసం చూస్తుండు. భుజానికి రమ్మని పిలిచినంక ఎవరూ రాకుంటే, గా మనిషి తట్టుకోడు. గందుకే పిలుస్తలేడు."

అది చదివి ఆమెను ఏమీ అనకు. ఇన్ని రోజులు నీ పరువు కాపాడింది ఆమే.

మా షెడ్డులో ఎవరో వద్దన్న దూలం ఒకటి మూలన ఉంది. మిషన్ చుట్టినదే, నాకేం శ్రమ లేదు. సైజు సరిపోతుంది. వచ్చే ఆదివారం కృష్ణయ్య ట్రాలీలో వేసుకుని వస్తున్నాం, లాడ్లీ బేగం కూడా వస్తుంది. నువ్వు సరేనంటావని కాదు. నువ్వు వద్దన్నా వాకిట్లో దింపి పోతాను. కోళ్ళగూడు చేసుకుంటావో ఏం చేసుకుంటావో నీ ఇష్టం. మగ్గం తాళ్ళు మాత్రం పోగులు కలిసేచోట కట్టు, నడిమిట్లో కట్టకు.

రోజా


కోస్గి,
26 జూన్ 2023

రోజాకు,

నువ్వొచ్చిననాడు నేను గోడ దిక్కు తిరిగి పడుకున్న. నిద్ర పోలేదు. నీకు తెలుసు. నాకు తెలుసని నీకు తెలుసు.

కిటికీలో నుంచి అంతా చూసిన. సందు మొదట్లో ట్రాలీ ఆగింది. నువ్వొక కొస, ఆ లాడ్లీ బేగం ఒక కొస భుజానికి ఎత్తుకుని వచ్చినరు. ఆమె ఇంకో చేతిలో టిఫిన్ డబ్బా. నవ్వుకుంట, మాట్లాడుకుంట వచ్చినరు. దూలం మోసేటప్పుడు మనిషికి మాట రావొద్దు. మా నాయిన దూలం వచ్చినప్పుడు ఈ సందులో గోడలకు ఆనుకుని జనం దారి ఇచ్చిండ్రు. మీకు ఒక కోడి తప్ప ఎవరూ దారి ఇయ్యలేదు.

మీరు పోయినంక దగ్గరికి పోయి చూసిన. తప్పు పట్టి వాపస్ పంపుదామనే చూసిన. పోగు పోగు వేలు పెట్టి చూసుకుంట పోయిన. ఒక కొస దగ్గర పోగు ముగిసినకాడ ముడి దొరికింది. ఇంకోటి దొరికింది. అన్నీ ఎడమ దిక్కు పడ్డయి.

మిషన్‌కు ఎడమచెయ్యి ఉంటదా.

ఎవరో వద్దన్న దూలమట, మూలన ఉండెనట. అబద్ధం రాసేటప్పుడు ముడులు కూడ దాచిపెట్టాలె. మిషన్ స్తంభాలకు పోయిందని నువ్వే రాసినవు. పని అయిపోయినంక కూర్చుని చేత్తో చుట్టినవు. ఆ కంపులో, ఆ వేడిలో. నీ వేళ్ళకు ఏమైనా అయిందా రాయి. ఎంత చెప్పినా నీ ఎడమచెయ్యికి బుద్ధి రాలేదు. మెహమూద్ చూసి, విప్పి మళ్ళ ముడి వేపియ్యాల్నా బిక్షం అన్నడు. వాన్ని తిట్టిన తిట్టు ఇక్కడ రాయను.

మిరుగు కార్తె మొదలైననాడు వాడలో ఇంటింటికి పోయిన. ఎవరింట్ల నిలబడ్డా ఒకటే మాట, దూలం ఎత్తుతున్నం, భుజానికి రండ్రి. అందరూ వాకిట్లో టేకు మొద్దును తలుచుకుని నేల చూపులు చూసిండ్రు. అది కాదు, రోజా చుట్టిన దూలం అన్న. వచ్చిండ్రు. చేతికర్రలన్నీ గోడకు ఆనించి వచ్చిండ్రు. ఆడోళ్ళు వచ్చిండ్రు. ఇద్దరు ఎత్తే దానికి అంతమందికి పట్టనీకె జాగా లేదు. బొక్కల్లో వేళ్ళు దూర్చిండ్రు. ఒక్కొక్కరికి రెండు వేళ్ళు దొరికినయి. నా భుజం మీద ఏం బరువు పడలేదు. అయినా అందరితో పాటు ఊపిరి బిగబట్టి ఎత్తిన. ఉత్తగనే పైకి పోయింది. "అరే, గింతేనా" అని ఎవరో అన్నరు. నాకు సుద్దా వినబడింది.

మీ అత్తమ్మ యాటను కోద్దామన్నది. రెండు వేళ్ళ దూలానికి యాట ఎందుకు. మిరుగు కాబట్టి చేపలు తెచ్చి వండినం. చెదలు తిన్న పాత దూలాన్నే పొయ్యిలో పెట్టిన, వాకిట్లో, అర్రకు దూరంగ. టేకు మొద్దు మీద అందరూ వరసగ కూర్చుని తిన్నరు. దాన్ని ఇగ అక్కడనే ఉండనిస్త. కూర్చునేటందుకు మంచిగున్నది.

గుంజలు తీసేసినం. వాన పడ్డది. అర్రలో చుక్క కారలేదు. అట్లని నాకు నచ్చిందనుకోకు. రంగు అదే చీమిడి రంగు. రాత్రి పడుకుని పైకి చూస్తే లోపల నుంచి పెంకులు కనబడతయి, ఒంటి మీద బట్ట లేని మనిషి లెక్క. వాసన ఇంకా ఉన్నది. నేస్తూ నేను మగ్గం పలకతో పోగును కొట్టినప్పుడల్లా దూలం సన్నగ వణుకుతదని, పైన కట్టిన నూలు కండెల బుట్ట గలగలమంటదని మీ అత్తమ్మ అంటది. వంటింట్లోకి వినబడుతదట. నేను ఎప్పుడు నేస్తున్ననో ఎప్పుడు కునుకు తీస్తున్ననో ఆమెకు తెలిసిపోతున్నది. అదొక పీడ.

లాడ్లీ బేగం టిఫిన్ డబ్బా మూత ఇక్కడనే మరిచిపోయింది. వచ్చి తీసుకుపొమ్మను. నవ్వేటందుకు ఏం లేదిక్కడ అని కూడ చెప్పు.

ఇంకో సంగతి. రెండో మగ్గానికి కుడి దిక్కు తాడును ఎలుకలు కొరికినయి. కొత్త తాడు కట్టేటప్పుడు చెయ్యి ఎందుకో ఎడమకు పోయింది. మళ్ళ విప్పి కట్టే ఓపిక నాకు లేదు. ఉంటే ఉండనీ.

నీ మామ
బిక్షం